కనిపించక ముందే నోబెల్ తెచ్చిన ప్రోటీన్

1940 చివర్లో, జర్మన్ సైన్యం గుప్పిట్లో ఉన్న పారిస్‌లో, జాక్ మోనో బ్యాక్టీరియాకు రెండు రకాల చక్కెరలు కలిపి పెట్టాడు. అవి ఒకదాన్ని తిని పెరిగాయి, కాసేపు ఆగాయి, మళ్లీ రెండోదానితో పెరగసాగాయి. గ్రాఫులో రెండు మెట్లు!

ఆ విరామం వెనక ఏముందో, అంటే రెండో చక్కెరకు కావలసిన ఎంజైము తయారీని ఏది అదుపు చేస్తుందో, తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

యుద్ధంలో గాయపడి సర్జన్ కావాలన్న ఆశ వదులుకున్న ఫ్రాన్స్వా జాకబ్, అమెరికా నుంచి వచ్చిన ఆర్థర్ పార్డీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మోనోతో కలిశారు. లాక్టోజ్‌ను విరగ్గొట్టే ఎంజైము జన్యువూ, దాన్ని అదుపు చేసే ‘ఐ’ జన్యువూ రెండూ చెడిపోయిన ఈ.కోలైలోకి మంచి జన్యువులను పంపారు. లాక్టోజ్ లేకపోయినా నిమిషాల్లోనే ఎంజైము తయారీ మొదలైంది. గంట దాటాక మాత్రం ఆగిపోయింది. అంటే ‘ఐ’ జన్యువు నుంచి పుట్టినదేదో కణంలో మెల్లగా పోగై, ఉత్పత్తిని ఆపేస్తోందన్నమాట. లాక్టోజ్ చేసే పనల్లా ఆ అడ్డు తీయడమే. ఈ తిరకాసు ఆలోచన వైపు మోనోను మళ్లించినవారిలో భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ ఒకడు.

ఆ అడ్డుకు రెప్రెసర్ అని పేరు పెట్టారు. అది ఆర్‌ఎన్‌ఏ కావచ్చని మొదట్లో పొరబడ్డారు కూడా. 1965లో జాకబ్, మోనో, ఆంద్రే ల్వోఫ్‌లకు నోబెల్ వచ్చేనాటికి రెప్రెసర్‌ను విడదీసి చూసినవాళ్లే లేరు!

కణానికి పట్టుమని పదో పరకో ఉండే అణువులవి, దొరకడం తేలికా? 1966లో హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్‌హిల్ ఐపీటీజీ అనే రసాయనాన్ని ఎరగా వేశారు. లాక్టోజ్‌లాగే రెప్రెసర్‌ను కదిలించేదే, కానీ బ్యాక్టీరియా అరిగించుకోలేదు. దానికి రేడియోధార్మికత అద్ది, బ్యాక్టీరియా రసం నింపిన పొర సంచిని అందులో నానబెట్టారు. సంచి లోపల రేడియోధార్మికత బయటికన్నా కాస్త ఎక్కువ తేలింది. ఐపీటీజీని పట్టుకున్నది ప్రోటీనే. అది నేరుగా డీఎన్‌ఏకే అతుక్కుంటుందనీ, ఐపీటీజీ తగలగానే వదిలేస్తుందనీ మరుసటి ఏడాది చూపించారు. అదే సమయంలో, అక్కడే, మార్క్ టాష్నీ లాంబ్డా వైరస్ రెప్రెసర్‌ను పట్టుకున్నాడు.

ఈ విజయం ఒక చిక్కు కూడా తెచ్చింది. జన్యువులను అదుపు చేయడమంటే ఆపడమేనన్న నమ్మకం బలపడిపోయింది. అరబినోజ్ అనే మరో చక్కెరను వాడుకునే జన్యువులను ఓ ప్రోటీన్ పురికొల్పుతుందని ఎల్లిస్ ఇంగిల్స్‌బర్గ్ చెబితే చాలాకాలం ఎవరూ చెవిన పెట్టలేదు. చివరికి లాక్టోజ్ జన్యువులకే అలాంటి సహాయక ప్రోటీన్ బయటపడింది: గ్లూకోజ్ తగ్గినప్పుడు డీఎన్‌ఏ మీద కూర్చుని ఉత్పత్తిని పెంచే ‘క్యాప్’.