రహీం సాబు ఎడమకాలి ఆట

మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చలి పెడుతుంది. మొన్న ‘మైదాన్’ సినిమా చూసొచ్చి, అజయ్ దేవగణ్ ఏసిన ఆ రహీం సాబు ఎవరు తాతా అని అడిగిండ్రు గదా. చెప్త ఇనుండ్రి.

సయ్యద్ అబ్దుల్ రహీం అంటే లోకానికి పెద్ద కోచ్. మా హైదరాబాదోళ్లకు మాత్రం ముందుగాల బడిపంతులు. ఉస్మానియాల చదివి కాచిగూడ మిడిల్ స్కూల్ల, చాదర్‌ఘాట్ హైస్కూల్ల పిల్లలకు పాఠాలు చెప్పిండ్రు. 1943 నుంచి పాణం పోయేదాక హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ గూడ ఆయనే. అటు కాయితాల పని, ఇటు కోచింగు, రెండూ మోసిండ్రు. ఆయన చేతికిందనే సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాక వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు కొట్టింది.

నాకు మస్తు ఇష్టమైన ముచ్చట ఆ కప్పులది గాదు. పోరగాండ్లకు ఆయన పెట్టించిన టోర్నమెంట్లది. ఒకదాంట్ల డ్రిబ్లింగ్ బంద్, బంతి అందంగనే పక్కోనికి ఇచ్చెయ్యాలె. ఇంకోదాంట్ల వాటం లేని కాలుతోనే ఆడాలె. మా పీటీ సారు ఆ పద్ధతే పట్టిండు. కుడికాలుకు బంతి తాకిందంటే విజిలే. మాకు బూట్లు యాడియి? ఉత్త కాళ్లు. ఎడమ బొటనేలి గోరు లేచి నెత్తురు కారుతుంటే ఇంత మన్ను అద్దుకొని మళ్ల ఉరికేది. రాను రాను ఎడమదిక్కు నుంచి వచ్చిన బంతిని కుడికాలుకు మార్చుకోకుంటనే కొట్టుడు వచ్చింది. పాఠం చెప్పెటోడు కనిపెట్టే ఉపాయమిది, బడిల పనిచేసినోనికే తడుతది.

అమ్ముగూడ పేదింటి పోరడు తులసీదాస్ బలరాం ఉండె. ప్రాక్టీసుకు రానీకి సైకిల్ కిరాయి పైసలు లేవంటే రహీం సాబే తన జేబుల నుంచి ఇచ్చిండ్రు. ఆ బలరామే 1956ల మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయిండు. మనోళ్లు ఆస్ట్రేలియాను 4-2తోని ఓడగొట్టి సెమీఫైనల్ దాక పోయిండ్రు. అంతకు ముందు ఆసియాల ఏ దేశం పోలే. ఆ టీంల హైదరాబాద్ పిల్లలే సగం దాక ఉంటిరి.

1962ల జకార్తా ఏషియాడ్ నాటికి సాబును క్యాన్సర్ తింటుండె. మొదటి మ్యాచ్‌ల కొరియా చేతిల 2-0తోని ఓడినం. ఆ తర్వాత మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడినయి. అట్లున్నా డిఫెన్స్‌ల ఆడే ఆయన్నే తెచ్చి ముందట నిలవెట్టిండ్రు సాబు. ఫైనల్ల అదే కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టిండ్రు. 2-1తోని బంగారం మనదే. అప్పుడు మా గల్లీల రేడియో సుట్టూ చేరినోళ్లు ఏడ్సిండ్రు, నేను గూడ ఏడ్సిన. మల్ల ఏడాది జూన్‌ల సాబు పోయిండ్రు. అరవై ఏండ్లు గూడ నిండలే.

ఆ తర్వాత ఏషియాడ్ ఫుట్‌బాల్ల మనకు బంగారం రాలే. మన పోరగాండ్లల్ల సత్తా లేక గాదు. బిల్డింగుల మీద బిల్డింగులు లేపిన కాలేజీలల్ల బంతి తన్నే జాగ లేదు, గ్రౌండ్ ఉన్న సర్కారు బడిల పీటీ సారు లేడు. మీ బడిల ఉన్నడా? లేకుంటే చెప్పుండ్రి, సోమవారం నేనే వచ్చి హెడ్‌మాస్టర్‌ను అడుగుత.