రెండు రకాల రేచీకటి

రేచీకటి అన్న మాటలో ‘రే’ అంటే రాత్రి. కరవు ఏళ్లలో ఆకుకూరైనా దొరకని మా అనంతపురం మెట్టసీమలో ఈ పదానికి నిఘంటువు అక్కరలేదు. నా బడిలోనే ఇద్దరు పిల్లలు పొద్దు వాలగానే గోడ తడుముకొనేవారు. ఒకనికి విటమిన్ ఎ ద్రవంతో చూపు కుదుటపడింది. మేనరికపు సంతానమైన రెండవవానికి ఏ మందూ పనిచేయలేదు. వానిది నేత్రపటలమే క్రమంగా నశించే వంశపారంపర్య వ్యాధి.

ఈ రెండవ చీకటి గుట్టు విప్పడానికి చుంచెలుకలు తోడ్పడ్డాయి. మసక వెలుతురును పట్టే దండకణాలు లేని ఎలుకలను 1924లో అమెరికాలో క్లైడ్ కీలర్ వర్ణించాడు. అదే జన్యువులోని లోపం కొందరు మనుషులలోనూ ఈ వ్యాధికి కారణమని 1993లో తేలింది.

పూర్వం ఆ పొరలను చూడాలంటే ఎలుకను చంపి కన్ను కోయవలసిందే. 1991లో వెలువడిన ఓసీటీ పద్ధతి కాంతితోనే పొరపొరనూ చిత్రిస్తుంది. దానిని చిన్న కంటికి తగినట్లు మలిచాక, ఒకే ఎలుకకు మత్తిచ్చి వారాల తరబడి పరీక్షిస్తూ, మందు పనిచేస్తున్నదో లేదో తెలుసుకొంటున్నారు.

1987లో హైదరాబాదులో వెలసిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా ఈ వంశపారంపర్య వ్యాధుల జన్యువులను పరిశోధించింది.

మొదటి చీకటిని మునగాకూ, విటమిన్ ఎ ద్రవమూ ఆపగలవు. రెండవదానికి వెదకులాట ఆగరాదు. వినాయకుని మోసే మూషికానికి మనమెంత ఋణపడ్డామో, మిత్రులారా, ఆలోచించండి.