సాంఖ్యకశాస్త్ర విద్య తొలి దశ: కలకత్తా తరగతి గది

ఉపోద్ఘాతం

నేడు డిగ్రీ విద్యార్థికి సాంఖ్యకశాస్త్రం సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధ గుణకం అనే సూత్రాల వరుసగా పరిచయమవుతుంది. భారతదేశంలో ఈ విద్య ఆరంభమైన క్రమం ఇందుకు భిన్నమైనది. ఇక్కడ దత్తాంశ సేకరణ ముందు మొదలైంది. పాఠ్యప్రణాళిక తరువాత రూపొందింది.

ప్రయోగశాల నుంచి విశ్వవిద్యాలయానికి

భౌతికశాస్త్ర ఆచార్యులు ప్రశాంత చంద్ర మహలనోబిస్ ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకొల్పిన సాంఖ్యక ప్రయోగశాల నుంచి 1931లో భారత సాంఖ్యక సంస్థ ఏర్పడింది. 1933లో 'సాంఖ్య' పత్రిక వెలువడింది. బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణాన్ని నమూనా సర్వేల ద్వారా అంచనా వేయడం 1937లో మొదలైంది. ఇటువంటి పనులకు శిక్షితులు అవసరమయ్యారు. సంస్థ శిక్షణ తరగతులు ఆ అవసరాన్ని కొంత తీర్చాయి. 1941లో కలకత్తా విశ్వవిద్యాలయం మహలనోబిస్ నేతృత్వంలో ఈ శాస్త్రంలో స్నాతకోత్తర విద్యను ప్రారంభించింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఉద్యోగాన్వేషణలో కలకత్తా వెళ్లి, 1941 జనవరి 1న సంస్థలో శిక్షణకు చేరారు. విశ్వవిద్యాలయ తొలి బృందంలో చదివి 1943లో స్వర్ణపతకంతో ఎం.ఎ. ఉత్తీర్ణులయ్యారు.

విద్యార్థి ప్రశ్న

ఆ మరుసటి ఏడాది రావు అదే విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, నమూనా పరిమాణం అపరిమితంగా పెరిగినప్పుడు అంచనా విస్తృతికి ఉండే కనిష్ఠ అవధిని గూర్చిన ఫిషర్ ఫలితాన్ని వివరించారు. పరిమిత నమూనాలకు కూడా ఇది వర్తిస్తుందా అని వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి ప్రశ్నించారు. రావు ఆ రాత్రే సాధించి, మరునాడు తరగతిలో నిరూపణ చూపారు. నిష్పాక్షిక అంచనా విస్తృతి, నియత షరతులకు లోబడి, ఫిషర్ సమాచార రాశి విలోమం కన్నా తక్కువ కాజాలదన్నది ఆ ఫలితం. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ప్రచురితమైన ఈ ఫలితమే క్రామర్-రావు అసమానతగా ప్రసిద్ధి పొందింది. దాండేకర్ అనంతరకాలంలో ఆర్థికవేత్తగా, పేదరిక అధ్యయనకర్తగా పేరుపొందారు.

దాండేకర్ ప్రశ్న సూత్రాన్ని తిరస్కరించలేదు; దాని వర్తింపు హద్దును అడిగింది. సర్వేకారుని చేతిలో ఉండే నమూనా ఎల్లప్పుడూ పరిమితమే కనుక, అది సిద్ధాంతపరంగానే కాక ఆచరణపరంగానూ కీలకమైన ప్రశ్న.

ఉపసంహారం

1959 చట్టంతో పట్టాలిచ్చే అధికారం పొందిన భారత సాంఖ్యక సంస్థ 1960లో బి.స్టాట్., ఎం.స్టాట్. కోర్సులు ప్రారంభించింది. ఆనాడు చేతియంత్రాలపై గంటల తరబడి సాగిన గణనను నేడు కంప్యూటర్ క్షణాల్లో ముగిస్తున్నది. నమూనా ఎక్కడిది, ఎలా ఎంపికైంది, సూత్రం ఏ షరతులపై నిలుస్తుంది అన్న విచారణ మాత్రం విద్యార్థిదే. ప్రారంభ కోర్సు పరీక్ష గణన ఫలితానికే మార్కులిచ్చి ఈ విచారణను వదిలివేస్తే, ఈ శాస్త్రాన్ని దేశంలో నిలబెట్టిన అభ్యాసమే బోధన నుంచి తొలగిపోతుంది.