క్యాసెట్ నుంచి చందా దాకా: తెలుగు సినిమా ‘ప్రతి’ - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: వీడియో క్యాసెట్ల కాలం నుంచి ఓటీటీ కాలం వరకు తెలుగు ప్రేక్షకుడికీ సినిమా ప్రతికీ ఉన్న సంబంధం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చందా పద్ధతిలో ప్రతి ఎవరి చేతికీ రాకపోవడం గ్రంథాలయాలకూ పరిశోధనకూ లోటని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పైరసీ, ఓటీటీ, కాపీరైట్, యాజమాన్యం, గ్రంథాలయం.

1. ఉపోద్ఘాతం

2025 నవంబరులో ‘ఐబొమ్మ’ నిర్వాహకుడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని హైదరాబాద్ సైబర్ క్రైం పోలీసులు కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. ఈ వెబ్‌సైటు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం కల్పించిందని కూడా పోలీసులు ఆరోపించారు. అయినా సామాజిక మాధ్యమాల్లో అతనిపై సానుభూతి వెల్లువెత్తింది. టికెట్ల ధరలూ చందాల భారమూ చర్చకు వచ్చాయి. కూకట్‌పల్లి ఉన్న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, శామీర్‌పేటలో, 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం మేధోసంపత్తి చట్టాలను బోధిస్తోంది. చట్టం నేరమన్నదాన్ని జనం నేరంగా ఎందుకు భావించలేదు? దీనికి జవాబు వెదకాలంటే, డబ్బు చెల్లించిన ప్రేక్షకుడికి ఏ కాలంలో ఏమి దక్కిందో చూడాలి.

2. ప్రతి చేతిలో ఉన్న కాలం

1980లలో వీడియో క్యాసెట్ సినిమాను ఇంటి బీరువాలోకి తెచ్చింది. కొన్న క్యాసెట్‌ను బంధువులకు ఇవ్వవచ్చు, ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. కొనలేనివారికి అద్దె దుకాణాలుండేవి. పైరసీ కూడా అప్పుడే విస్తరించింది. దాన్ని అరికట్టడానికి 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 1984లో సవరించి, శిక్షలు పెంచి, వీడియో ప్రతులపై హక్కుదారు వివరాలు ముద్రించాలన్న 52ఎ సెక్షన్‌ను చేర్చారు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు నకలు తీసినకొద్దీ బొమ్మ మసకబారేది. సీడీ వచ్చాక ఆ సహజమైన అడ్డు కూడా తొలగిపోయింది.

‘అత్తారింటికి దారేది’ ఉదంతం ఇందుకు నిదర్శనం. రాష్ట్ర విభజన ఆందోళనల మధ్య విడుదల వాయిదా పడిన ఆ చిత్రంలో సుమారు 90 నిమిషాల భాగం 2013 సెప్టెంబరులో బయటకు పొక్కింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్ముడయ్యాయి. నిర్మాతలు విడుదలను ముందుకు జరిపి సెప్టెంబరు 27న చిత్రాన్ని ప్రదర్శించగా, అది ఘనవిజయం సాధించింది. సీడీ అందుబాటులో ఉన్నా జనం థియేటర్లకు వెళ్లారు. కనుక పైరసీని డబ్బు ఎగవేతగా మాత్రమే వివరించలేము. కోరికకూ లభ్యతకూ మధ్య ఏర్పడే ఎడం కూడా దానికి కారణమే.

3. చందా కాలం

2020లో ‘ఆహా’ ప్రారంభమైంది. కోవిడ్ వల్ల థియేటర్లు మూతపడిన ఆ ఏడాదే ‘కలర్ ఫోటో’ నేరుగా అందులో విడుదలై, తరువాత ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. చందాదారుకు దక్కేది వీక్షణానుమతి మాత్రమే. చందా ఆగితే ఆ అనుమతి ఆగుతుంది. వేదికకు హక్కుల గడువు తీరితే, చందా కడుతున్నా సినిమా కనిపించదు. ఒక్కో చిత్రం ఒక్కో వేదికలో ఉండటంతో చందాలు పెరుగుతాయి. పైరసీ వెబ్‌సైటు వీటన్నిటినీ ఒకేచోట చూపుతుంది. దాని ఆకర్షణకు ఉచితం ఒక కారణమైతే, ఈ సౌలభ్యం మరొకటి. నష్టం మాత్రం నిర్మాతతో ఆగదు. చిత్రంపై ఆధారపడిన సాంకేతిక నిపుణులకూ కార్మికులకూ చేరుతుంది.

4. చట్టం, గ్రంథాలయం

కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ గ్రంథాలయాలకు రెండు వెసులుబాట్లు కల్పించింది. చట్టబద్ధంగా పొందిన సినిమా ప్రతిని లాభాపేక్ష లేని గ్రంథాలయం, విద్యాసంస్థ ఎరువివ్వడం ‘వాణిజ్యపరమైన అద్దె’ కిందికి రాదు. వాణిజ్యేతర ప్రజాగ్రంథాలయం తన వద్ద డిజిటల్ కాని ప్రతి ఉంటే, పరిరక్షణ కోసం దాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచవచ్చు. రెండింటికీ ప్రతి చేతిలో ఉండటమే ప్రాతిపదిక. క్యాసెట్‌కు రెండూ వర్తిస్తాయి. డిజిటల్ రూపమే అయిన డిస్కుకు మొదటిదే వర్తిస్తుంది. ఓటీటీ చందాకు ఏదీ వర్తించదు. వేదిక నుంచి తొలగిన చిత్రంపై సిద్ధాంతవ్యాసం రాసే పరిశోధకుడు ఉదాహరించిన సన్నివేశాన్ని పరీక్షకుడు సరిచూసుకోవడానికి చట్టబద్ధమైన ఆధారం మిగలకపోవచ్చు.

5. ముగింపు

ముద్రిత గ్రంథాల ప్రతులను జాతీయ గ్రంథాలయంతోపాటు మరికొన్ని గ్రంథాలయాలకు ప్రచురణకర్తలు విధిగా పంపాలని 1954 నాటి చట్టం నిర్దేశించింది. ఓటీటీ చిత్రాలకూ అటువంటి ఏర్పాటు అవసరం. 1921 నాటి తెలుగువారి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూడటానికి లేదు. ఆనాడు ప్రతులు నిలవలేదు. ఈనాడు నిలుపుకోగల సాంకేతికత ఉన్నా, నిలుపుకునే హక్కు గ్రంథాలయాలకు లేదు. పైరసీని శిక్షించే చట్టం ఆ హక్కును కూడా కల్పించినప్పుడే తెలుగు సినిమా చరిత్రకు ఆధారాలు మిగులుతాయి.