పదవీ విరమణ తర్వాత ఏ వూరు? పాత లెక్కలు, నా లెక్కలు

డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం రాయవలసిందిగా మన సంఘ కార్యదర్శి గారు కోరారు. 1982లో ఆ తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అన్నది ప్రభుత్వం దయతలచి పెట్టే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి పెద్దలు ఏటా రాస్తూనే వున్నారు. చేతికందిన ఆ పెన్షనుతో ఏ వూళ్లో బతకాలన్న సంగతి నేను రాస్తాను. నేను పండితుణ్ణి కాను. 35 ఏళ్లు ఫైళ్లు చూసిన గుమస్తాని. తప్పులుంటే మన్నించగలరు.

గంజాం రోజులు

మన టెక్కలి, కోటబొమ్మాళి ప్రాంతం 1936 వరకు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో వుండేది. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో. పెద్ద వూరు అంటే బరంపురం. కోర్టు పనైనా, పెద్ద చదువైనా, మంచి వైద్యమైనా మనవాళ్లు రైలెక్కి అటే వెళ్లేవారు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు పడ్డాక పర్లాకిమిడి కూడా దగ్గరైంది. కాలేజీ వుంది, సంస్థానం కొలువు వుంది. ఉద్యోగం చేసిన వూళ్లోనే ఇల్లు కట్టుకుని స్థిరపడటం ఆనాటి వారి పద్ధతి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి అటు పోయాయి. మన తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. ఇల్లు కదలలేదు గాని సరిహద్దు కదిలింది.

ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చే పెన్షనరు గిడుగు రామమూర్తి పంతులు గారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మహనీయునిగా ఆయన అందరికీ తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసి, 1911లో ఉద్యోగం విరమించారు. ఆ తర్వాత కూడా పాతికేళ్లు ఆ వూళ్లోనే వున్నారు. సవర భాష మీద చేసిన కృషి అంతా అక్కడిదే. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడాన్ని ఆయన అంగీకరించలేక, 1936లో ఆ వూరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు 73వ ఏడు. మరి నాలుగేళ్లకు, 1940లో కన్నుమూశారు.

నాకిప్పుడు 75. ఈ వయసులో ఇల్లు మారటమంటే ఏమిటో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

శ్రీకాకుళం, ఆపైన విశాఖ

1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక మన పెన్షనర్ల చూపు జిల్లా కేంద్రం మీదికి మళ్లింది. ట్రెజరీ, కలెక్టరాఫీసు, పెద్దాసుపత్రి ఒకచోటే వుండటం వల్ల అది సబబుగానే తోచింది. తర్వాత ఉక్కు ఫ్యాక్టరీతో, కొత్త కాలనీలతో విశాఖపట్నం పెరిగింది. గ్రాట్యుటీ డబ్బుతో అక్కడ స్థలం కొన్నవారు తెలివైనవారనిపించుకున్నారు.

1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించిన సంగతి మన సభ్యులు మరచిపోయి వుండరు. నాకప్పుడు 33వ ఏడు. మా సెక్షనులోని పెద్దాయన ఒకరు సాయంకాలానికి టేబులు సొరుగు ఖాళీ చేసుకుని లేచారు. ఇద్దరు ఆడపిల్లలు పెళ్లికున్నారు. కట్టుకుందామనుకున్న ఇల్లు పునాది దగ్గరే ఆగింది. ఆయన విశాఖ ఆలోచన మానుకుని సొంతవూరు వెళ్లిపోయారు. అక్కడ బియ్యం ఇంటివి, కూరలు పెరటివి. ఖర్చు తక్కువ గనుక వూరు చేరటం అన్నది ఆ రోజుల్లో ఎందరికో గత్యంతరం లేక చేసిన పని. తర్వాత విరమణ వయసు మళ్లీ 58 అయింది, 2014లో 60, 2022లో 62 అయింది. పునాది దగ్గర ఆగిన ఆ ఇల్లు మాత్రం ఆయన హయాంలో లేవలేదు.

నేను చేసిన ఎంపిక

నేను 2008 జూన్ 30న రిటైరయ్యాను. నా ముందు మూడు దారులున్నాయి. విశాఖలో అబ్బాయి దగ్గరికి వెళ్లటం ఒకటి. ఉద్దానంలో మా ఆవిడ పుట్టింటివారిచ్చిన కొబ్బరితోటలో ఇల్లు వేసుకోవటం రెండోది. 1985లో మండలాలు వచ్చిన కొత్తలో నేను పనిచేసిన కోటబొమ్మాళిలో అద్దెకుండటం మూడోది.

నా సహోద్యోగి, ఆప్తమిత్రుడు ఒకరు ఉద్దానం ఎంచుకున్నారు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, సముద్రపు గాలి. "గురువుగారూ, అద్దె లేదు, నీళ్లకి డబ్బులేదు, రండి" అని నన్నూ పిలిచారు. మా ఆవిడ మౌనంగా వుంది. నేను కోటబొమ్మాళికే మొగ్గాను. హైవే మీద వూరు. రైల్వే స్టేషనుంది. టెక్కలి పక్కనే, శ్రీకాకుళం గంట ప్రయాణం. కొత్తమ్మ తల్లి జాతరకు చుట్టాలందరూ వస్తారు.

2008 జులై నాటి నా పద్దు పుస్తకం ఇప్పటికీ వుంది. అద్దె 1,200, పాలు 540, కరెంటు 180, మందులు 250. తాగునీటికి పద్దే లేదు. కమ్యుటేషన్ కోత పోగా వచ్చే పెన్షనులో నెలకు వెయ్యి రూపాయలు మిగిలేవి. గొప్ప లెక్క వేశాననుకున్నాను.

అదే ఇంట్లో ఈ ఏడాది పద్దు ఇది: అద్దె 4,500, పాలు 1,800, కరెంటు 700, మందులు 3,800, నీళ్ల క్యాన్లు 300, ఆసుపత్రికి బండి అద్దె 2,500. చివరి రెండూ 2008 పుస్తకంలో లేవు. 15 ఏళ్లు నిండి 2023లో కమ్యుటేషన్ కోత ఆగింది గనుక సరిపోతోంది.

లెక్కలో రానివి

ఉద్దానం మిత్రునికి 2014లో కాళ్లవాపు వచ్చింది. పరీక్ష చేస్తే కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఈ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకందరికీ తెలుసు. ఎన్నో పరిశోధనలు జరిగాయి గాని ఇదమిత్థమని ఒక కారణం తేలలేదు. డయాలసిస్ ఉచితంగా దొరికినా వారానికి మూడుసార్లు ప్రయాణం, తోడుకొక మనిషి, ఆ మనిషి పోగొట్టుకునే కూలి ఎవరూ ఇవ్వరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఆయన తోటను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు. ఆయన అంతకాలం లేరు.

హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. సంతోషం. ఆయన వుంటే ఎంత పొంగిపోయేవారో.

మా ఆవిడ ఉద్దానంలో పుట్టి పెరిగింది. గత ఏడాది ఆమె రక్తపరీక్షలోనూ క్రియాటినిన్ కొంచెం ఎక్కువ వచ్చింది. మూడు నెలలకోసారి పరీక్ష చేయించమన్నారు. అబ్బాయి వెంటనే, "నాన్నా, ఇక్కడికి వచ్చేయండి" అన్నాడు. వాడి మాట తీసెయ్యలేం. 2019లో ఏడు నెలలు వాడి దగ్గరున్నాం. ఈహెచ్‌ఎస్ కార్డు చెల్లే పెద్దాసుపత్రులు పది నిమిషాల దూరం. కాని ఐదో అంతస్తు, పగలంతా తలుపులు మూసిన వరండా. మా ఆవిడ మాట్లాడటానికి సాయంత్రం దాకా మనిషి లేదు.

అప్పుడు నాకు ఒక పాత జీవో లెక్క గుర్తొచ్చింది. మన పెన్షను ఆఖరి జీతంలో సగం. మన తర్వాత ఆమెకు వచ్చే కుటుంబ పెన్షను మామూలుగా 30 శాతమే. నేను 2008లో వేసిన లెక్కంతా నేను బతికున్న రోజులకు వేసింది. ఆమె ఒంటరిగా, ఆ తక్కువ డబ్బుతో ఏ వూళ్లో వుండగలదన్నది నేను అడగనే లేదు. 17 ఏళ్ల తర్వాత మొన్న అడిగాను.

"ఇప్పటికైనా అడిగారు" అంది. కాసేపాగి, "మీరున్నా లేకున్నా నేనిక్కడే వుంటాను. బస్సెక్కి టెక్కలి ఆసుపత్రికి నేనొక్కదాన్నీ వెళ్లి రాగలను. అది చేతకాని రోజున అబ్బాయి దగ్గరికి పోదాం" అంది.

గోడ అవతలి మా ఇంటివారి ముసలమ్మ ఈ సంగతి విని, "ఏటి బాబూ, ఈ వయసులో ఎక్కడికెల్తారు? అమ్మకి రాత్రి దగ్గొస్తే నాకు ఇనబడతాది" అంది. ఈ ఖర్చును నేను ఏ పద్దులో రాయను?

కొత్తగా రిటైరవుతున్న తమ్ముళ్లకు నా మనవి. గ్రాట్యుటీ అంతా గోడల్లో పెట్టకండి. ఎంచుకున్న వూళ్లో ఒక ఏడాది అద్దెకుండి, వానాకాలం, ఎండాకాలం రెండూ చూడండి. నీళ్లు పరీక్ష చేయించండి. అర్ధరాత్రి ఆసుపత్రికి ఎంత సేపు, తోడు ఎవరు వస్తారన్నది రాసుకోండి. మూలపేట ఓడరేవుకు 2023లో శంకుస్థాపన జరిగాక మన వైపు స్థలాల గురించి రోజుకొక మాట వినబడుతోంది. ఆ ధరలు చూసి పెన్షనరు ఇల్లు ఎంచుకోకూడదు. అన్నిటికన్నా ముందు ఇంటి ఇల్లాలిని అడగండి. చాలామంది విషయంలో ఆ వూళ్లో ఎక్కువ కాలం వుండబోయేది ఆమే.

సభ్యులందరికీ పెన్షనర్ల దినోత్సవ శుభాకాంక్షలు. లైఫ్ సర్టిఫికెట్ సకాలంలో ఇవ్వడం మరవకండి. సెలవు.