వీల్ లాక్ నట్టు

వీల్ లాక్ నట్టు అనేది కారు చక్రాలను దొంగిలించకుండా, మామూలు నట్లలో ఒకదానికి బదులుగా బిగించే ప్రత్యేకమైన నట్టు. సాధారణంగా చక్రానికి ఒకటి చొప్పున వాడతారు. మామూలు నట్టుకు ఉన్నట్లు దీని తలకు ఆరు పలకలు ఉండవు. గుండ్రని తలలో ఒక వంకర గాడి గానీ, పూరేకుల వంటి అంచు గానీ ఉంటుంది. ఆ ఆకారానికి సరిపడే చిన్న ఉక్కు ముక్కను (దీనినే తాళంచెవి అంటారు) అందులో అమర్చి, దానిపై పానా పెట్టి తిప్పినప్పుడే నట్టు ఊడుతుంది. పాత కార్లలో ఈ నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోవడం, తాళంచెవి అరిగిపోవడం లేదా పోవడం తరచుగా ఎదురయ్యే సమస్యలు. గోదావరి డెల్టా వంటి తీరప్రాంతాలలో మామూలు వీల్ నట్లకు కూడా ఈ బాధ తప్పదు.

నేపథ్యం

హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ (ఉత్పత్తి 2014లో ఆగిపోయింది), 1983లో వచ్చిన మారుతి 800 వంటి కార్లు ఉక్కు రేకు చక్రాలతో, మామూలు నట్లతో వచ్చేవి. మారుతి 800 చక్రానికి నాలుగు నట్లు ఉంటాయి. వాటికి 19 మి.మీ. పానా సరిపోతుంది. అల్యూమినియం మిశ్రమలోహంతో చేసిన అలాయ్ చక్రాలు ఖరీదైనవి కావడంతో వాటితో పాటు లాక్ నట్లు కూడా వాడుకలోకి వచ్చాయి. పాత కారుకు తరువాత అలాయ్ చక్రాలు వేయించినవారు వీటిని విడిగా కొని బిగిస్తారు. కారు చేతులు మారేటప్పుడు తాళంచెవి మాత్రం ఒక్కోసారి పాత యజమాని దగ్గరే ఉండిపోతుంది. ఈ సంగతి మొదటి పంక్చర్ నాడు గాని బయటపడదు.

బిగుసుకుపోవడానికి కారణాలు

ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం అనేక రెట్లు పెరుగుతుంది. స్టడ్డుకు, నట్టుకు మధ్య మర చుట్లలో ఉండే సన్నని ఖాళీని ఈ తుప్పు నింపివేసి రెంటినీ పట్టివేస్తుంది. గాలిలో ఉప్పు ఉంటే ఈ చర్య వేగవంతమవుతుంది. అలాయ్ చక్రాలలో అల్యూమినియం, ఉక్కు ఒకదానికొకటి ఆనుకొని ఉండగా వాటి మధ్య ఉప్పునీరు చేరితే విద్యుద్రసాయన చర్య మొదలై, చక్రం హబ్‌కు అతుక్కుపోతుంది. అప్పుడు నట్లన్నీ ఊడినా చక్రం రాదు.

రెండవ కారణం అతిగా బిగించడం. చిన్న కార్ల నట్లకు సాధారణంగా 80 నుండి 110 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. మీటరు పొడవున్న పైపును పానాకు తొడిగి, దాని కొనపై 50 కిలోల బరువు మోపితే సుమారు 490 న్యూటన్ మీటర్లు అవుతుంది. అంటే కావలసినదానికి సుమారు నాలుగున్నర నుండి ఆరు రెట్లు. పంక్చర్ షాపులలో గాలి గన్నుతో ఆపకుండా బిగించినా ఇటువంటి ఫలితమే వస్తుంది. లాక్ నట్టు గాడి ఇంత బలానికి తట్టుకొనేలా చేసినది కాదు. కాబట్టి ముందుగా చెడేది అదే. 

గోదావరి డెల్టాలో

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి, అంతర్వేది వంటి చోట్ల సముద్రంలో కలుస్తుంది. కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి చాలావరకు తీరానికి దగ్గరగానే పోతుంది. ఉప్పుగాలికి తోడు రొయ్యల చెరువుల ఉప్పునీరు, వరిచేల బురద కూడా చక్రాలకు అంటుతాయి. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ వచ్చినటువంటి గోదావరి వరదలలో నీరు ఉప్పుది కాకపోయినా, అది తెచ్చే మెత్తని ఒండ్రు మర చుట్లలో చేరి తేమను చాలాకాలం నిలిపి ఉంచుతుంది. వరదలో మునిగిన కారు చక్రాలను వెంటనే విప్పి శుభ్రం చేయకపోతే తరువాత విప్పడం కష్టం.

డెల్టాలో చాలా రోడ్లు కాలువ గట్ల మీద ఉంటాయి. అటువంటి ఇరుకు దారిలో స్టడ్డు విరిగిన చక్రంతో ప్రయాణించడం ప్రాణాపాయం. చక్రం ఊడితే కారు కాలువలో పడవచ్చు. అలాగే నల్లరేగడి నేలలో జాకీ దిగబడిపోతుంది కనుక దాని కింద వెడల్పైన చెక్కపలక తప్పనిసరి.

తొలగించే విధానం

చక్రం నేలపై ఉండగానే, హ్యాండ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, నట్లను వదులు చెయ్యాలి. జాకీపై లేపిన కారు చక్రంపై బలం ప్రయోగిస్తే కారు జారి పడవచ్చు. పాత లారీలలోనూ, కొన్ని పాత కార్లలోనూ ఎడమవైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది. ఈ సంగతి గమనించకపోతే విప్పుతున్నామనుకొని ఇంకా బిగించినట్లవుతుంది.

మొదట ఇనుప కుంచెతో బయటి మర చుట్లను రుద్ది, తుప్పు వదిలించే నూనె వేసి కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి నాననివ్వాలి. మెకానిక్కులు కిరోసిన్, డీజిల్ కూడా వాడేవారు. కానీ అవి మర లోపలికి అంత బాగా చొరబడవు. నూనె బ్రేకు డ్రమ్ములోకి, డిస్కు మీదికి పోకుండా చూడాలి. తరువాత నట్టు తలపై సుత్తితో నిటారుగా కొన్ని దెబ్బలు వేస్తే తుప్పు పొర పగులుతుంది. ఆరు పలకల బాక్స్ పానా పెట్టి, కొద్దిగా బిగించే వైపు కదిపి, ఆపైన విప్పే వైపు తిప్పడం అనుభవజ్ఞుల పద్ధతి. కుదుపుగా కాక నిలకడగా బలం పెట్టాలి.

లాక్ నట్టు తాళంచెవి లేనప్పుడు, నట్టు తల కంటే కొంచెం చిన్నదైన పన్నెండు పలకల బాక్స్ పానాను సమ్మెటతో దానిపైకి దిగగొట్టి తిప్పుతారు. ఆ పానా మళ్ళీ పనికిరాకపోవచ్చు. లోపల ఎదురు మర ఉండి, తిప్పేకొద్దీ నట్టును కరిచి పట్టుకొనే పానాలు కూడా దొరుకుతాయి. కొన్ని లాక్ నట్లకు పైన విడిగా తిరిగే తొడుగు ఉంటుంది. అటువంటివాటికి ముందు తొడుగును ఉలితో చీల్చాలి. ఇవేవీ ఫలించకపోతే నట్టు తలపై మరో నట్టును వెల్డింగు చేసి తిప్పడం, చివరిగా డ్రిల్లుతో తొలిచివేయడం మిగులుతాయి.

టైరు ఉండగా నట్టును గ్యాస్ మంటతో కాల్చడం చాలా ప్రమాదకరం. వేడికి టైరు పేలి మరణాలు సంభవించే అవకాశం ఉంది. గాలి తీసినంత మాత్రాన ప్రమాదం పూర్తిగా పోదు. అలాయ్ చక్రమైతే వేడికి బలం కూడా కోల్పోతుంది.

హబ్‌కు అతుక్కున్న చక్రాన్ని విడదీయడానికి నట్లను పూర్తిగా తీయకుండా రెండు చుట్లు వదులు చేసి ఉంచి, టైరు పక్కభాగాన్ని అటూ ఇటూ తన్నుతారు. నట్లు ఉండటం వల్ల చక్రం ఒక్కసారిగా ఊడిపడదు. కారు కిందికి ఎవరూ దూరరాదు.

తిరిగి బిగించడం

విరిగిన లేదా మర చెడిన స్టడ్డును హబ్ నుండి వెనక్కి కొట్టి తీసి, అదే కొలత గలది వేయించాలి. అంబాసిడర్ వంటి పాత కార్ల భాగాలు స్థానికంగా దొరకనప్పుడు విజయవాడలోని జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల వెదకవచ్చు. లేతుపై చేయించిన స్టడ్డు మెత్తని ఇనుముదైతే మాత్రం వాడరాదు. హబ్ ముఖానికి పలుచగా గ్రీజు పూయవచ్చు గాని, నట్టు చక్రంలో కూర్చొనే వాలు భాగానికి పూయకూడదు. నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగించి, 50 నుండి 100 కిలోమీటర్లు నడిచాక మరల సరిచూడాలి.

లాక్ నట్టు తాళంచెవితో పాటు వచ్చే కార్డుపై ఒక సంకేత సంఖ్య ఉంటుంది. దాని ఆధారంగా తయారీదారు వద్ద మారు తాళంచెవి పొందవచ్చు. కార్డును ఇంటివద్ద, తాళంచెవిని స్టెప్నీ దగ్గర ఉంచుతారు. పాత కారు కొనేవారు కొనుగోలుకు ముందే నాలుగు లాక్ నట్లనూ ఒకసారి విప్పించి చూసుకోవడం మంచిది.