వ్యర్థం, విలువ, శేషం: ఎడ్జ్‌మూర్ టైటానియం పరిశ్రమ చరిత్రపై ఒక పరిశీలన

తెల్లరంగుకు ఆధారమైన టైటానియం డయాక్సైడ్‌ను క్లోరైడ్ పద్ధతిలో తయారుచేసేటప్పుడు, ఇల్మనైట్ ఖనిజంలోని ఇనుము కూడా క్లోరిన్‌తో కలిసి ఐరన్ క్లోరైడ్‌గా మారుతుంది. ఆమ్లగుణం గల ఈ ఉపోత్పత్తి చరిత్రకు అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో డ్యూపాంట్ సంస్థ నడిపిన ఎడ్జ్‌మూర్ కర్మాగారం ఒక నిదర్శనం.

ఈ కర్మాగారం తన ఆమ్ల, ఇనుప వ్యర్థాలను బార్జీలలో తరలించి అట్లాంటిక్ మహాసముద్రంలో పారబోసేది. 1972 నాటి సముద్ర పరిరక్షణ చట్టం అటువంటి పారబోతకు ప్రభుత్వ అనుమతిని తప్పనిసరి చేసింది. ఫెర్రిక్ క్లోరైడ్ నీటిలోని మలినాలను పేరబెట్టి అడుగుకు దించుతుందన్న సంగతి అప్పటికే తెలిసినదే. అయినా సముద్రం అందుబాటులో ఉన్నంతకాలం ఆ గుణానికి ఇక్కడ విలువ కట్టవలసిన అవసరం కలుగలేదు. ఆ దారి ఇరుకైన తరువాత అదే ఉపోత్పత్తి నీటిశుద్ధి రసాయనంగా విక్రయానికి వచ్చింది.

అయితే ఫెర్రిక్ క్లోరైడ్ తయారీలోనూ ఘనశేషం మిగులుతుంది. అందులోని థాలియం విషపూరితమైన లోహం. 2001లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ తరహా శేషాన్ని కె178 అనే సంకేతంతో ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఉపోత్పత్తుల చరిత్రను అమ్ముడైన సరుకు వద్ద ముగించరాదు. మిగిలిన శేషం ఎక్కడికి చేరిందో, దాని భారం ఎవరిపై పడిందో కూడా నమోదైనప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.